వ్రేలిముద్రయు కంఠస్వరమును

పిఠాపురము రాజగు సూర్యారాయ ప్రభువు కాకినాడలో అనాథశరణాలయము నెలకొల్పినప్పటినుండియు, పరుల బిడ్డలను పోషించుట పుణ్యకార్యమని మన ప్రాంతమువా రెఱుఁగుదురు. అయితే పోషకునకు బిడ్డ శరీరముపై నెంతవఱకు అధికారము గలదు?

2009లో నాఁటి ఆంధ్రప్రదేశమునందలి ఖమ్మము జిల్లాలో, భద్రాచలము మొదలగు మండలములయందు, 10 మొదలు 14 ఏండ్ల బాలికలకు గర్భాశయముఖ క్యాన్సరు రాకుండుటకై పాత్ అను అమెరికా సంస్థ ఆధ్వర్యమున టీకాలు వేసిరి. 2010 ఏప్రిలులో ఆ కార్యక్రమము నిలిచిపోయెను. కొందఱు బాలికల మరణములకు టీకా కారణమని విచారణలో తేలలేదు. కాని 9,543 సమ్మతిపత్రములలో 1,948 వ్రేలిముద్రలతోను, 2,763 వసతిగృహముల వార్డెన్ల సంతకములతోను ఉన్నవని 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘము వెల్లడించెను. తల్లిదండ్రులకు సంగతి తెలిపిరో లేదో ఆ కాగితము లెట్లు చెప్పఁగలవు?

ఆ యేడే అక్టోబరు 21న మఱియొక వ్యాజ్యమున సుప్రీముకోర్టు, ఔషధప్రయోగములకు సమ్మతి పుచ్చుకొను తీరును, గోప్యతకు భంగము రాకుండ, వీడియోగాఁ దీసి భద్రపఱుపవలెనని యాదేశించెను. 2015లో ఆ నియమమును నిస్సహాయస్థితిలో నున్నవారిపై క్రొత్త ఔషధద్రవ్యములను పరీక్షించు సందర్భములకే పరిమిత మొనర్చిరి, కుష్ఠు, హెచ్.ఐ.వి. మందులకు ధ్వనిముద్రణముతోనే సరిపెట్టిరి.

ఈ సంకోచము మాకు రుచింపలేదు. వైద్యుఁ డేమి చెప్పెనో, రోగి యేమడిగెనో ముద్రితమైన స్వరము దాఁచఁజాలదు; చదువురాని తల్లికి అదియే దస్తావేజు. చదివినవారమైన మనమును, సంతకమునకు ముందు "విప్పి చెప్పుఁడు" అని యడుగుట నేర్వవలయును.