చందాలపై నిలిచిన వాద్యబృందం: నాజీ జర్మనీలో యూదు సాంస్కృతిక సమాఖ్య (1933-1941)

సంగీత పోషణ అనగానే మనకు రాజాశ్రయం, జమీందారుల ఆదరణ, ఆ తర్వాతి కాలపు సంగీత సభల సభ్యత్వాలు గుర్తుకు వస్తాయి. ఈ మూడింటిలోనూ పోషకుడు తనకు నచ్చిన సంగీతాన్నే పోషిస్తాడన్నది మనం ప్రశ్నించకుండా అంగీకరించే విషయం. 1933 నుంచి 1941 వరకు జర్మనీలో పనిచేసిన యూదు సాంస్కృతిక సమాఖ్య (కుల్టుర్‌బుండ్) చరిత్ర ఈ సూత్రానికి లొంగదు. అక్కడ డబ్బు ఇచ్చినవారు, వాయించినవారు, విన్నవారు అందరూ యూదులే. ఏది వాయించకూడదో తేల్చినవారు మాత్రం నాజీ ప్రభుత్వాధికారులు. అటువంటి స్థితిలో ఒక వాద్యబృందాన్ని చందాలతో నిలబెట్టడానికి అర్థమేమిటన్నది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

1933 ఏప్రిల్ 7న వెలువడిన ప్రభుత్వోద్యోగుల చట్టం యూదులను ప్రభుత్వ కొలువుల నుంచి తొలగించింది. ప్రభుత్వ, పురపాలక నిధులతో నడిచే ఒపెరాలు, వాద్యబృందాలు కూడా దీని పరిధిలోకి వచ్చాయి. ఏళ్ల తరబడి సాధన చేసిన కళాకారులు కొద్ది వారాల్లో జీవనాధారం కోల్పోయారు. అప్పుడు కుర్ట్ బౌమన్ అనే యువ రంగస్థల దర్శకుడు ఒక లెక్క వేశాడు. ఒక్క బెర్లిన్‌లోనే దాదాపు 1,60,000 మంది యూదులున్నారు. చిన్న నగరాలు సైతం సొంత రంగశాలలను, వాద్యబృందాలను పోషించుకుంటున్నప్పుడు ఇంతమంది కలిస్తే ఎందుకు సాధ్యం కాదన్నది అతని తర్కం. ఈ ఆలోచనను కుర్ట్ సింగర్ చేపట్టాడు. సింగర్ నాడీ వైద్యుడు. బెర్లిన్ వైద్యుల గాయకబృందాన్ని నెలకొల్పినవాడు. నగర ఒపెరా నిర్వహణలోనూ అనుభవమున్నవాడు. వైద్యం, సంగీతం, పరిపాలన మూడూ తెలిసిన మనిషి ఆ సమయానికి దొరకడం యాదృచ్ఛికమే కావచ్చు గాని, సంస్థ నిర్మాణంలో ఆ మూడింటి జాడా కనిపిస్తుంది.

నిర్మాణం సరళమైనది. సభ్యుడు నెలకు రెండున్నర మార్కులు చెల్లించాలి. అందుకు ప్రతిఫలంగా నాటకం, ఒపెరా, సంగీత కచేరీ, ఉపన్యాసాల నుంచి నెలకు రెండు కార్యక్రమాలు. బయటివారికి టికెట్లు అమ్మరాదు. ఛాయాచిత్రం అతికించిన సభ్యత్వ పత్రం చూపితేనే లోపలికి ప్రవేశం. బెర్లిన్‌లో సభ్యుల సంఖ్య త్వరలోనే 20,000కు చేరింది. స్థూలంగా లెక్కిస్తే నెలకు 50,000 మార్కులు. ఈ సొమ్ములో వాయులీన విద్వాంసుడి జీతమే కాదు, తెర లాగే మనిషి కూలి, దుస్తులు కుట్టేవారి కూలి కూడా ఉన్నాయి. కళాపోషణ గురించి రాసేటప్పుడు మనం ఈ పద్దులను సాధారణంగా పట్టించుకోం. కాని సమాఖ్య పుట్టుకకు కారణం సౌందర్య దృష్టి కాదు, నిరుద్యోగం.

ప్రభుత్వం దీన్ని ఎందుకు అనుమతించింది? పర్యవేక్షణాధికారి హాన్స్ హింకెల్ దృష్టిలో లాభాలు స్పష్టం. యూదు కళాకారులు, శ్రోతలు ఒకేచోట కనుసన్నల్లో ఉంటారు. పని పోయినవారి భారం యూదు సమాజమే మోస్తుంది. విదేశీయులు ప్రశ్నిస్తే, యూదులకు సొంత రంగశాల ఉందని చూపవచ్చు. కార్యక్రమాలన్నిటికీ ముందస్తు అనుమతి తప్పనిసరి. "జర్మన్ యూదుల" అన్న పదాలు కూడా సంస్థ పేరులో నిలవలేదు. "యూదు" అన్న విశేషణం మాత్రమే మిగిలింది. జర్మన్, యూదు అన్న రెండు మాటలు పక్కపక్కన ఉండడాన్నే ఆ ప్రభుత్వం సహించలేకపోయింది.

ఇక అసలు చిక్కు: యూదు సంగీతమంటే ఏమిటి? ఈ ప్రశ్న కొత్తది కాదు. 1908లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఏర్పడిన యూదు జానపద సంగీత సంఘం ఇదే ప్రశ్నను స్వచ్ఛందంగా వేసుకొని, పల్లెల్లో పాటలు సేకరించి, వాటి ఆధారంగా కొత్త రచనలు చేయించి, తనదైన సమాధానం చెప్పుకుంది. యోయెల్ ఎంగెల్ వంటివారి కృషి అటువంటిది. బెర్లిన్‌లో అదే ప్రశ్న ఆజ్ఞ రూపంలో వచ్చింది. అక్కడి సభ్యుల్లో చాలామందికి సంగీతమంటే బేతోవెన్, మొజార్ట్, బ్రామ్స్. 1933 అక్టోబరు 1న సమాఖ్య తొలి ప్రదర్శనగా ఎంచుకున్నది లెస్సింగ్ రాసిన జర్మన్ నాటకం "నాథన్ ద వైజ్". తొలి ఒపెరా మొజార్ట్‌ది. యూదు జాతీయవాదులు దీన్ని విమర్శించారు. మన డబ్బుతో మనదైన కళ కాకుండా ఎవరిదో ఎందుకన్నది వారి ఆక్షేపణ. ఆ ఆక్షేపణలో న్యాయముంది. అయితే అదే మాటను అధికారులు మరో ఉద్దేశంతో అంటున్నారన్నదే విషాదం.

1936 సెప్టెంబరులో సమాఖ్య ప్రతినిధులు బెర్లిన్‌లో సమావేశమై ఈ విషయాన్ని చర్చించారు. స్వరకర్త పుట్టుకనుబట్టి నిర్ణయించాలా, ఇతివృత్తాన్నిబట్టా, ప్రార్థనాలయ గానంతో ఉన్న సంబంధాన్నిబట్టా? ఏకాభిప్రాయం కుదరలేదు, కుదిరే అవకాశమూ లేదు. మెండెల్‌సోన్ యూదు తత్త్వవేత్త మనుమడే గాని, చిన్ననాడే క్రైస్తవం పొందినవాడు. జర్మన్ వేదికలపై నిషిద్ధుడైన అతడు ఇక్కడ ప్రధాన స్వరకర్త అయ్యాడు. హాండెల్ యూదుడు కాడు. పాత నిబంధన కథలపై ఆయన రాసిన ఆరటోరియోలు ఇక్కడ చెల్లాయి. బేతోవెన్ జాబితా నుంచి తొలగిపోయాడు. 1938లో ఆస్ట్రియా విలీనమయ్యాక మొజార్ట్ వంతు వచ్చింది. ఒక్కొక్క పేరు కొట్టివేస్తూ పోగా మిగిలినదానికి "యూదు సంగీతం" అన్న పేరు పెట్టారంటే అతిశయోక్తి కాదు.

సమాఖ్య సభ్యుల్లో భ్రమ కలిగించి, దేశం విడిచే నిర్ణయాన్ని వాయిదా వేయించిందని ఒక విమర్శ ఉంది. దీన్ని తోసిపుచ్చలేం. అయినా ఈ ప్రశ్నను నాయకత్వానికి వేసినంత సులువుగా రెండున్నర మార్కులు కట్టిన సభ్యుడికి వేయడం సబబు కాదని నా అభిప్రాయం. వలసకు వీసా కావాలి, డబ్బు కావాలి, పిలిచే దేశం కావాలి. అవి దొరికిన సంగీతజ్ఞులు వెళ్లారు కూడా. సంచాలకుడు యోసెఫ్ రోజెన్‌స్టాక్ 1936లో టోక్యో చేరాడు. ఫ్రాంక్‌ఫర్ట్ సమాఖ్య వాద్యబృందాన్ని నడిపిన హాన్స్ విల్‌హెల్మ్ స్టైన్‌బర్గ్ అదే ఏడాది పాలస్తీనా వెళ్లి, హుబెర్మన్ స్థాపించిన వాద్యబృందానికి శిక్షణ ఇచ్చాడు. (ఈ సమాఖ్యతో సంబంధం లేకపోయినా, అదే దశకంలో బొంబాయి చేరిన యూదు స్వరకర్త వాల్టర్ కాఫ్‌మన్ పేరు ఇక్కడ తలచుకోవచ్చు, ఆకాశవాణి ప్రారంభ సంగీతంగా తెలుగు శ్రోతలు తెల్లవారుజామున విన్నది ఆయన కూర్చినదే.) వెళ్లలేనివారికి మాత్రం ఉద్యానవనాలు, చిత్రశాలలు, గ్రంథాలయాలు ఒక్కొక్కటే మూతపడుతున్న నగరంలో భయం లేకుండా పక్కపక్కన కూర్చోగల చోటు ఆ రంగశాల. వారు చందా కట్టింది ఆ కుర్చీకి. దాన్ని యూదు సంగీతంపై అభిమానంగా లెక్కించడం చరిత్రను అతిగా సరళం చేయడమే అవుతుంది.

1938 నవంబరు దాడుల్లో ప్రార్థనాలయాలు తగలబడి, వేలాది పురుషులు నిర్బంధ శిబిరాలకు చేరిన కొద్ది రోజులకే, తిరిగి ప్రదర్శనలు మొదలుపెట్టమని హింకెల్ ఆదేశించాడు. ఆనాడు అమెరికాలో ఉన్న సింగర్ వెనుదిరిగి వచ్చి, మిత్రుల ఒత్తిడితో నెదర్లాండ్స్‌లో ఆగిపోయాడు. తర్వాత అక్కడి నుంచే పట్టుబడి, 1944లో టెరెజీన్ నిర్బంధ నగరంలో మరణించాడు. బెర్లిన్‌లో మిగిలిన వాద్యబృందాన్ని రుడాల్ఫ్ ష్వార్జ్ నడిపించాడు. 1941 ఫిబ్రవరిలో ఆ బృందం మాలర్ రెండవ సింఫనీని వాయించింది. "పునరుత్థానం" అని దానికి వాడుక పేరు. సెప్టెంబరు 11న రహస్య పోలీసులు సమాఖ్యను రద్దు చేశారు. అక్టోబరులో బెర్లిన్ నుంచి యూదులను తరలించే రైళ్లు మొదలయ్యాయి. ష్వార్జ్ ఆష్విట్జ్, బెర్గెన్-బెల్సెన్ శిబిరాల నుంచి ప్రాణాలతో బయటపడి, 1957లో లండన్‌లోని బీబీసీ సింఫనీ వాద్యబృందానికి ప్రధాన సంచాలకుడయ్యాడు.