తుపాను వేళ టెలివిజను కేంద్రములు

తుపాను అను మాట మన తీరవాసులకు క్రొత్త గాదు. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీని దివిసీమను ముంచిన ఉప్పెనను కన్నులార గాంచిన వృద్ధులు నేటికిని మన నడుమ గలరు. అట్లే అమెరికా సంయుక్త రాష్ట్రముల దక్షిణ తీరమునను మెక్సికో సింధుశాఖ నుండి తుపానులు వచ్చుచుండును. వానిని ఆ దేశస్థులు హరికేనులందురు. పేరు వేఱు గాని గాలి యొకటే. వెచ్చని సముద్రజలము నుండి బలము గొని, సుడి తిరుగుచు, సముద్రమును తన ముందు ఒడ్డునకు ద్రోసికొని వచ్చుట దాని స్వభావము. అట్టి గాలి వీచి, విద్యుత్తు పోయి, బాటలు తెగి, ఇండ్లు కూలిన పిమ్మట గూడ ఆ యూళ్ల టెలివిజను కేంద్రములు మాట నిలుపుకొని పలుకుచుండుట ఎట్లు సాధ్యమయ్యెనో, ఆ చరిత్రను నేడు మీకు మనవి చేసెదను.

ముందుగా ఒక విషయము గ్రహింపవలెను. ఆ దేశమున ప్రతి పెద్ద పట్టణమునకును దాని స్వంత టెలివిజను కేంద్రములు గలవు. అవి కొంతసేపు దేశమంతకును చెందిన కార్యక్రమములను చూపి, నియమిత వేళలయందు తమ పట్టణపు వార్తలను చెప్పును. కావున అచ్చట మాటాడువానికి ఏ వీథి పల్లమో, ఏ వంతెన ముందు మునుగునో తెలియును. ఆపద వచ్చినపుడు జనులు నమ్మునది అట్టి వాని మాటనే.

ఈ కేంద్రములు పుట్టక పూర్వము ఎట్లుండెనో చూతము. 1900వ సంవత్సరము సెప్టెంబరు 8వ తేదీని టెక్సాసు రాష్ట్రమునందలి గాల్వెస్టన్ అను ద్వీపనగరముపై గొప్ప తుపాను విరుచుకొని పడెను. కనీసము 6,000 మంది మరణించిరి. తంతితీగెలు తెగినవి, ప్రధాన భూభాగమును కలుపు వంతెనలు కూలినవి. నగరము నాశనమైనదను వార్తను లోకమునకు తెలుపుటకై కొందఱు పడవ యెక్కి ఆవలి యొడ్డునకు పోవలసి వచ్చెను. తుపానుకు ముందు హెచ్చరించు గొంతు లేదు, తరువాత ఓదార్చు గొంతును లేదు.

అరువది యొక్క సంవత్సరములు గడచెను. 1961వ సంవత్సరము సెప్టెంబరులో కార్లా యను తుపాను అదే తీరమునకు రాజొచ్చెను. హ్యూస్టన్ నగరమునందలి కె.హెచ్.ఓ.యు. అను కేంద్రమున వార్తల పెత్తనము చేయుచుండిన డాన్ రాథర్ అను యువకుడు గాల్వెస్టన్‌లోని వాతావరణ కార్యాలయమునకు పోయి, అచ్చటి రాడారు తెరను టెలివిజనులో చూపించెను. వట్టి తెరపై తెల్లని సుడి కనబడిన సామాన్యున కేమి బోధపడును? కావున తీరరేఖ గీచిన పారదర్శకపు పటమును ఆ తెరపై నుంచిరి. సుడిగాలి యెంత విశాలమైనదో, తమ ఊరు దానికి ఎంత చేరువనున్నదో జనులు స్వయముగా చూచిరి. వేయి మాటలు చేయలేని పనిని ఆ యొక్క చిత్రము చేసెను. 3 లక్షలకు మించిన జనులు తీరము విడిచి లోపలి ప్రాంతములకు పోయిరి. మహాబలము గల తుపానైనను ఆ దేశమున మృతుల సంఖ్య 50 లోపే నిలిచెను. 1900 నాటి లెక్కతో పోల్చి చూచిన ఇది యెంత మార్పో వేఱుగ చెప్ప నక్కఱలేదు.

అయితే హెచ్చరించుట యొకటి, గాలి నడినెత్తిన వీచుచుండగా పలుకుట మఱియొకటి. 1992వ సంవత్సరము ఆగస్టు 24వ తేదీ తెల్లవారుజామున ఆండ్రూ అను తుపాను ఫ్లారిడా రాష్ట్రమున మయామీ నగరమునకు దక్షిణముగా తీరము దాటెను. వాతావరణశాఖవారి తుపాను కేంద్రపు మేడమీది రాడారు సైతము గాలికి కొట్టుకొనిపోయెను. ఆ రాత్రి డబ్ల్యు.టి.వి.జె. అను కేంద్రమున వాతావరణ విషయములు చెప్పు బ్రయన్ నార్‌క్రాస్ 23 గంటలపాటు ఎడతెగక మాటాడెను. స్టూడియో క్షేమము గాదని తోచినపుడు తన తోడివారితో గట్టి గోడలు గల సామానుల గదిలోనికి పోయి, అచ్చట నుండియే ప్రసంగము సాగించెను. ఇంటి నడిమి గదిలోనికి చేరుడనియు, పఱుపు మీద కప్పుకొనుడనియు ఆయన చెప్పిన మాటలను అనేకులు పాటించి బ్రతికిరి.

ఇచ్చట శ్రోతలకు ఒక సందేహము కలుగవచ్చును. విద్యుత్తు పోయిన యింట టెలివిజను ఎట్లు పనిచేయును? న్యాయమైన ప్రశ్నయే. ఆ రాత్రి రేడియో కేంద్రములు ఆ టెలివిజను ధ్వనిని గ్రహించి తమ ప్రసారముగా వెలువరించెను. బొమ్మ కానరాని యింట గొంతు వినబడెను. చీకటిలో బ్యాటరీ రేడియో చుట్టును గుమిగూడిన కుటుంబములకు ఆ గొంతే దీపమయ్యెను.

ఇక యంత్రముల సంగతి కొంచెము తెలిసికొందము. టెలివిజను కేంద్రమునకు రెండు ఇండ్లు గలవనుకొనుడు. ఒకటి స్టూడియో, అచ్చట మనుష్యులు కూర్చుండి మాటాడుదురు. రెండవది ప్రసారయంత్రమును ఎత్తైన స్తంభమును ఉన్న స్థలము. అది తఱచు ఊరికి దూరముగా నుండును. మొదటి యింటి మాట రెండవ యింటికి తీగెల ద్వారాగాని, సూక్ష్మతరంగముల ద్వారాగాని, ఉపగ్రహము ద్వారాగాని చేరును. ఈ మూటిలో ఏది తెగినను కేంద్రము మూగయగును. స్టూడియో పోయినచో మఱియొక చోట నుండి మాటాడవచ్చును. నడిమి దారి తెగినచో వేఱొక దారి వేసికొనవచ్చును. కాని ప్రసారయంత్రము నీట మునిగినచో వెంటనే చేయగలది స్వల్పము. కావున యంత్రమును ఎత్తున నుంచుట, విద్యుత్తు పోయినపుడు నడుపుటకు డీజిలు జనరేటరును, దానికి చాలినంత నూనెను ముందుగ సమకూర్చుకొనుట ముఖ్యములైన పనులు.

ఈ మాటలకు గొప్ప పరీక్ష 2005వ సంవత్సరమున వచ్చెను. ఆ యేడు ఆగస్టు 29వ తేదీ సోమవారమున కత్రినా యను తుపాను లూసియానా రాష్ట్రపు తీరమును తాకెను. న్యూ ఆర్లియన్స్ నగరము మిసిసిపీ నది చెంత, చాల భాగము సముద్రమట్టమునకు దిగువను ఉన్నది. కరకట్టలు అనేక స్థలములయందు తెగి, నగరమున నూటికి ఎనుబది వంతులు నీట మునిగెను. 1,300 మందికి పైగా ప్రాణములు కోలుపోయిరి. ఆ నగరపు టెలివిజను కేంద్రములలో ఎడతెగక ప్రసారము సాగించినది డబ్ల్యు.డబ్ల్యు.ఎల్. అను కేంద్ర మొక్కటియే. దీనికి కారణము అదృష్టము మాత్రము గాదు. దాని ప్రసారయంత్రము నదికి ఆవలి యొడ్డున గ్రెట్నా అను చోట నేలకు ఎత్తుగా కట్టిన భవనమున నుండెను. సుమారు 80 మైళ్ల దూరమున నున్న బాటన్ రూజ్ పట్టణపు విశ్వవిద్యాలయమున పత్రికారచన నేర్పు శాఖ గలదు. ఆపద వచ్చినచో దాని స్టూడియోను వాడుకొనుటకు ఏర్పాటు జరిగియుండెను. గాలి రాక మునుపే కొందఱు ఉద్యోగులు అచ్చటికి చేరిరి. నగరమున నున్నవారు తమ స్టూడియో విడువవలసి వచ్చినపుడు బాటన్ రూజ్‌లోనివారు మాట అందుకొనిరి. పిదప ఆ రాష్ట్రపు ప్రజా టెలివిజను సంస్థవారు తమ యింట చోటిచ్చిరి.

తక్కిన కేంద్రములును చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. డబ్ల్యు.డి.ఎస్.యు. వారు జాక్సన్, ఓర్లాండో నగరములలోని తమ సోదర కేంద్రముల నుండి కార్యక్రమమును నడిపి, ఇంటర్నెట్టు ద్వారా చూపిరి. రేడియోలో మఱింత విచిత్రము జరిగెను. నిన్నటి దాక ఒకరి శ్రోతలను ఒకరు లాగికొనుటకై పోటీపడిన రెండు పెద్ద వ్యాపారసంస్థలు తమ రేడియో కేంద్రములను కలిపి ఒకే గొంతుగా నగరమునకు సమాచార మందించెను. పొరుగున నున్న మిసిసిపీ రాష్ట్రమున బిలాక్సీ పట్టణపు డబ్ల్యు.ఎల్.ఓ.ఎక్స్. కేంద్రమున భవనపు పైకప్పు కొంత ఎగిరిపోయెను. అయినను అచ్చటివారు పండ్రెండు దినములు ఎడతెగక ప్రసారము చేసిరి. తమ యిండ్లు నిలిచెనో కూలెనో తెలియని మనుష్యులే ఊరివారికి మంచినీరు ఎచ్చట దొరకునో, ఏ బాట తెఱచియున్నదో చెప్పుచుండిరి. డబ్ల్యు.డబ్ల్యు.ఎల్., డబ్ల్యు.ఎల్.ఓ.ఎక్స్. అను టెలివిజను కేంద్రములకును ఆ యేటి సేవకు పీబడీ పురస్కారము లభించెను.

ఇందు మెచ్చుకొనదగినది గలదు, జాగ్రత్తపడదగినదియు గలదు. కత్రినా నాళ్లలో నగరమున ఆశ్రయము పొందిన జనుల నడుమ హత్యలు, అఘాయిత్యములు విరివిగా జరుగుచున్నవని వదంతులు పుట్టెను. పత్రికలును టెలివిజనులును వానిని విచారింపకయే చాటెను. తరువాత విచారింపగా వానిలో పెక్కు అబద్ధములనియు, కొన్ని గోరంతలు కొండంతలు చేసినవనియు తేలెను. ఆ భయముచేత సహాయము కొంత వెనుకపడెను. కావున ప్రసారము నిలిచియుండుట మాత్రమే చాలదు. చెప్పునది నిజమై యుండవలెను. తప్పుమాట పలుకు గొంతు మూగగొంతు కంటె ఎక్కువ హాని చేయగలదు.

ఎంత ముందుచూపు గలవారికైనను క్రొత్త ఆపద క్రొత్త పాఠము నేర్పును. కార్లాను చూపించిన హ్యూస్టన్ కె.హెచ్.ఓ.యు. కేంద్రమే 2017వ సంవత్సరము ఆగస్టు 27వ తేదీని హార్వీ తుపాను వానలకు చిక్కెను. స్టూడియో ఒక వాగు ప్రక్కన నుండెను. నీరు క్రింది అంతస్తు జొచ్చుట చేత ఉద్యోగులు మేడ యెక్కిరి; తుదకు భవనమునే విడిచిరి. కొంతసేపు ప్రసారము ఆగెను. అంతట డాలస్ నగరమునందలి సోదర కేంద్రము చేయూత నిచ్చెను. హ్యూస్టన్ విశ్వవిద్యాలయపు ఆవరణమునందలి ప్రజా ప్రసార సంస్థ తన స్టూడియో నిచ్చెను. కేంద్రమువారు మరల ఆ పాత భవనమునకు పోలేదు. 2020వ సంవత్సరము ఆగస్టు 27వ తేదీని లారా తుపాను లేక్ చార్లెస్ పట్టణమును కొట్టగా, కె.పి.ఎల్.సి. కేంద్రపు స్తంభము కూలి స్టూడియో మీదనే పడెను. లోపల నెవ్వరును లేరు. ఉద్యోగులు అంతకు ముందే బాటన్ రూజ్ చేరి అచ్చటి నుండి వార్తలు చెప్పుచుండిరి. ఇల్లు విడుచుట పిఱికితనము గాదు, మాట నిలుపుటకే యని దీనివలన తెలియుచున్నది.

చూచువారి సాధనములును మాఱినవి. ఆ దేశమున 2009వ సంవత్సరము జూను 12వ తేదీతో పెద్ద కేంద్రముల పాతరీతి ప్రసారము ముగిసెను. అంతకు ముందు తుపాను దినములలో ఆదుకొన్న చిన్న బ్యాటరీ టెలివిజనులు దానితో నిరుపయోగములైనవి. చేతిఫోను ఉన్నది గదా యందురా? 2017వ సంవత్సరము సెప్టెంబరు 20వ తేదీని మరియా తుపాను పోర్టోరికో ద్వీపమును కొట్టినపుడు అచ్చటి ఫోను స్తంభములలో నూటికి తొంబదికి పైగా పనిచేయుట మానెను. ద్వీపమంతట విద్యుత్తు పోయెను. అపుడు వాపా యను పాత రేడియో కేంద్రము పలుకుచుండెను. జనులు బంధువుల క్షేమమును దాని ద్వారా విచారించుకొనిరి. క్రొత్త సాధనము వచ్చినదని పాతదానిని పాఱవేయరాదు.

ఇల్లు కాలునపుడు బావి త్రవ్వినట్లని మనలో ఒక సామెత గలదు. ఈ చరిత్రయంతయు ఆ సామెతకు వ్యాఖ్యానమే. గాలి వీచునపుడు పనికివచ్చినవన్నియు గాలి లేని దినములలో సమకూర్చినవే: ఎత్తున కట్టిన గది, నింపి యుంచిన నూనె, పొరుగువానితో ముందుగ ఆడుకొన్న మాట, ఊరి వీథులెఱిగిన మనిషి. వీనిలో మొదటి రెండింటిని ధనముతో కొనవచ్చును. తక్కిన రెండును ఏండ్ల తరబడి కలిసి మెలిసి బ్రతికినగాని లభింపవు. పోటీ సంస్థలు ఒక గొంతుతో పలికినవన్నను, పరుల యింట చోటు దొరికినదన్నను ఆ బ్రదుకే కారణము. మన గ్రామములయందు పెద్దలు ఈ యెండకాలమునందే ఆలోచింపదగిన విషయము లివియే: తుపాను రాత్రి మన ఊర ఎవరి యింట బ్యాటరీ రేడియో పలుకును, ఎవరు దానిని విని ఇంటింటికి పోయి చెప్పుదురు, నడవలేని వృద్ధుని ఎవరు ఎత్తుకొని వత్తురు? ఈ ప్రశ్నలకు జవాబులు తీరికగ చెప్పుకొనవలసినవి. గాలి వచ్చిన పిదప వానిని అడుగుటకు వ్యవధి యుండదు.