జలాంతర్గామి యుద్ధం: ఒక కథ, దానిపై నిపుణుల తీర్పు

1914 జూలైలో లండనులోని ‘స్ట్రాండ్’ మాసపత్రికలో ‘అపాయం!’ అనే కథ ప్రకటింపబడినది. రచయిత సర్ ఆర్థర్ కానన్ డాయిల్. షెర్లాక్ హోమ్స్ అనే అపరాధ పరిశోధకుని సృష్టించినవాడుగా ఆయన మన పాఠకులకు సుపరిచితుడే. అయితే ఈ కథలో హోమ్స్ లేడు. సముద్రగర్భంలో సాగే ఒక ఊహా యుద్ధం ఉన్నది. కథ వెలువడిన కొద్ది వారాలకే, ఆగస్టు 4వ తేదీన, బ్రిటన్ నిజమైన మహాయుద్ధంలో ప్రవేశించినది. ఆ కథను చదివిన అనుభవజ్ఞులు ఏమన్నారు? ఆ తరువాత జరిగినదేమి? విజ్ఞానశాస్త్రం చదివేవారు శ్రద్ధగా పరిశీలింపదగిన ఘట్టమిది.

కథాంశం

నార్లండ్ అనే చిన్న కల్పిత రాజ్యానికి బ్రిటన్‌తో వైరం ఏర్పడినది. బ్రిటిష్ నౌకాబలం ముందు ఆ రాజ్యం నిలువలేదు. దానివద్ద ఉన్నవి ఎనిమిది జలాంతర్గాములు మాత్రమే. కెప్టెన్ జాన్ సిరియస్ అనే నావికుడు వాటితో యుద్ధనౌకల జోలికి పోక, బ్రిటన్‌కు ఆహారం తెచ్చే వర్తక నౌకలను ముంచివేస్తాడు. రొట్టె ధర ఆకాశాన్నంటుతుంది. కొద్ది వారాలలోనే ఆ మహాసామ్రాజ్యం ఆకలికి తలవంచి సంధి కోరుతుంది.

ఇది వట్టి వినోదం కొరకు వ్రాసినది కాదు. ఆనాడు బ్రిటన్ తినే గోధుమలో సుమారు అయిదింట నాలుగు వంతులు ఓడలలో రావలసినదే. ఈ బలహీనతను డాయిల్ 1913లోనే ఒక వ్యాసంలో ఎత్తి చూపినాడు. దేశంలో ధాన్యం ఎక్కువ పండించడం, సరుకులు మోసే జలాంతర్గాములు నిర్మించడం, ఇంగ్లీషు కాలువ క్రింద సొరంగం త్రవ్వడం అనే మూడు ఉపాయాలను సూచించినాడు. ఆ వాదాన్నే జనుల మనస్సుకు పట్టేటట్లు కథగా చెప్పినాడు.

నిపుణుల అభిప్రాయాలు

పత్రికా సంపాదకులు కథను ముందుగానే నౌకాదళ ప్రముఖులకు పంపి, వారి అభిప్రాయాలను కథతోపాటు ప్రకటించినారు. అడ్మిరల్ సర్ కాంప్టన్ డాంవిల్ దృష్టిలో ఇది జరగడం చాలా అసంభవం. ఇది జూల్స్ వెర్న్ కథల కోవకు చెందినది. నాగరికత గల ఏ జాతీ నిరాయుధమైన వర్తక నౌకలపై టార్పెడోలు ప్రయోగించదని అడ్మిరల్ పెన్‌రోజ్ ఫిట్జ్‌జెరల్డ్ నమ్మకం. అటువంటి పని చేసిన అధికారిని అతని ప్రభుత్వమే కాల్పించివేస్తుందని అడ్మిరల్ హెండర్సన్ భావించినాడు.

వీరు అజ్ఞానులు కారు. జీవితమంతా సముద్రంపై గడిపినవారు. పైగా ఇది వీరొక్కరి అభిప్రాయమూ కాదు. 1914 ఆరంభంలో అడ్మిరల్ ఫిషర్ ఇదే ప్రమాదాన్ని వివరింపగా, నాటి నౌకాదళ మంత్రి విన్‌స్టన్ చర్చిల్ కూడ నాగరిక రాజ్యం ఏదీ అట్టి పనికి పూనుకొనదని బదులు చెప్పినాడు.

యంత్రము, నియమము

వారి విశ్వాసానికి ఆధారం లేకపోలేదు. సముద్రయుద్ధానికి చిరకాలంగా ఒక నియమం ఉన్నది. శత్రువుల వర్తక నౌకను ముందు ఆపాలి, సోదా చేయాలి, ముంచవలసి వస్తే అందులోని వారిని సురక్షిత స్థానానికి చేర్చాలి. దీనికి మంచి ఉదాహరణ మన తీరంలోనే కలదు. 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి మద్రాసు రేవులోని చమురు తొట్లపై గుండ్లు కురిపించిన జర్మను క్రూయిజరు ‘ఎండెన్’ పేరు మన పెద్దలు చిరకాలం చెప్పుకొన్నారు. హిందూ మహాసముద్రంలో అది అనేక వర్తక నౌకలను పట్టి ముంచినది. కాని వాటి నావికులను ముందుగా వేరే ఓడలకు ఎక్కించి పంపివేసేది. క్రూయిజరు పెద్దది, అందులో చోటున్నది, మనుషులున్నారు, ఫిరంగులున్నవి. కనుక అది నియమాన్ని పాటించగలిగినది.

జలాంతర్గామి అటువంటిది కాదు. ఆనాటి జలాంతర్గామిలో ముప్పై నలభై మంది ఇరుకుగా సర్దుకొనవలసినదే. ఇతరులను ఎక్కించుకొనే చోటు లేదు. పట్టుబడిన ఓడను నడిపించడానికి పంపగల సిబ్బంది లేరు. దాని బలమంతా కనబడకుండా ఉండటంలోనే ఉన్నది. నీటిపైకి వచ్చి హెచ్చరిక చేసినచో, వర్తక నౌకపై ఉన్న చిన్న ఫిరంగి గుండు ఒక్కటి తగిలినా దాని పలుచని గోడకు తూటు పడవచ్చును. అనగా నియమాన్ని పాటిస్తే ఆయుధం నిరుపయోగమవుతుంది. ఆయుధాన్ని పూర్తిగా వాడితే నియమం భగ్నమవుతుంది. నిపుణులు నియమాన్ని చూచినారు. డాయిల్ యంత్రాన్ని చూచినాడు.

జరిగినదేమి?

చిత్రమేమనగా, ఎండెన్ మద్రాసుకు వచ్చిన ఆ సెప్టెంబరు 22వ తేదీ ఉదయమే ఉత్తర సముద్రంలో ఆటో వెడ్డిగెన్ నడిపిన యు-9 అనే ఒకే ఒక జలాంతర్గామి అబూకిర్, హోగ్, క్రెస్సీ అనే మూడు బ్రిటిష్ క్రూయిజర్లను సుమారు గంటన్నరలో ముంచివేసినది. 1,400 మందికి పైగా మరణించినారు. అక్టోబరు 20న గ్లిట్రా అనే వర్తక నౌక మునిగినది. జలాంతర్గామి ముంచిన మొదటి వర్తక నౌక ఇదే. అప్పటికింకా నియమం బ్రతికే ఉన్నది. నావికులను ముందుగా పడవలలోకి దింపినారు.

కాని ఆ స్థితి ఎంతో కాలం నిలువలేదు. బ్రిటన్ జర్మనీకి సముద్రమార్గాలను మూసివేసినది. వర్తక నౌకలకు ఫిరంగులు అమర్చినది. వర్తక నౌకల వేషంలో యుద్ధనౌకలను పంపినది. 1915 ఫిబ్రవరిలో జర్మనీ బ్రిటన్ చుట్టూ ఉన్న సముద్రాన్ని యుద్ధమండలంగా ప్రకటించినది. మే 7న ప్రయాణికుల నౌక లూసిటానియా టార్పెడో తగిలి 18 నిమిషాలలో మునిగిపోయినది. 1,198 మంది మరణించినారు. 1917 ఫిబ్రవరి 1 నుండి ఆంక్షలన్నీ తొలగినవి. ఆ ఏప్రిల్ నెలలోనే 8 లక్షల టన్నులకు మించిన నౌకలు సముద్రం పాలైనవి. ఎవ్వరూ చేయరన్న పనిని చేసిన నావికులను వారి ప్రభుత్వం కాల్చివేయలేదు, పతకాలిచ్చి సత్కరించినది.

ఈ కథయే శత్రువునకు దారి చూపినదన్న నింద కొంతకాలం డాయిల్‌పై పడినది. అది న్యాయం కాదు. కథ వెలువడక పూర్వమే, 1914లో, బ్లుమ్ అనే జర్మను నౌకాధికారి బ్రిటన్ వర్తకాన్ని అడ్డగించడానికి 222 జలాంతర్గాములు కావలెనని లెక్క కట్టినాడు. యుద్ధారంభంలో జర్మనీకి ఉన్నవి ముప్పైకి మించవు.

కథ తప్పిన చోటు

ఈ లెక్కయే డాయిల్ పొరపాటును బయటపెట్టుతున్నది. ఎనిమిది జలాంతర్గాములు కాదు, సుమారు నూరు పనిచేసినప్పటికీ బ్రిటన్ లొంగలేదు. 1917 మే నుండి వర్తక నౌకలను గుంపులుగా, యుద్ధనౌకల కావలిలో నడిపించినారు. విశాల సముద్రంలో ఒంటరి నౌక కంటబడటం ఎంత కష్టమో, నలభై నౌకల గుంపు కంటబడటమూ దాదాపు అంతే కష్టం. విడివిడిగా పోయే నలభై నౌకలు నలభై అవకాశాలిస్తే, గుంపు ఒక్క అవకాశమే ఇస్తుంది. నీటిలో ధ్వనిని వినే పరికరాలు, లోతున ప్రేలే మందుపీపాలు కూడ తోడైనవి. ఫ్రాన్సులో లాంజివిన్ స్ఫటికాలతో పుట్టించిన అతిధ్వని తరంగాలు తరువాతి సోనార్‌కు పునాది వేసినవి. యంత్రాన్ని చక్కగా ఊహించిన రచయిత దానికి విరుగుడును మాత్రం ఊహించలేకపోయినాడు.

పాత నియమం జలాంతర్గాములకు కూడ వర్తిస్తుందని 1936లో లండనులో రాజ్యాలు మరల ఒప్పుకొన్నవి. 1939 సెప్టెంబరు 3న, బ్రిటన్ యుద్ధం ప్రకటించిన నాటి సాయంకాలమే, ఎథీనియా అనే ప్రయాణికుల నౌకను ఒక జర్మను జలాంతర్గామి హెచ్చరిక లేకుండా ముంచివేసినది.

ఒక నూతన యంత్రాన్ని గురించి అడుగవలసిన ప్రశ్నలు రెండు. అది ఏమి చేయగలదు? దానిని మనుష్యులు ఎట్లు వాడుదురు? మొదటిదానికి సమాధానం కొలతలలో దొరుకుతుంది. రెండవదానికి ‘మనమైతే అట్లు చేయము’ అన్నది సమాధానం కాదు. 1914లో ఆ అడ్మిరల్స్ తడబడినది అక్కడనే. విశాఖపట్నం సముద్రతీరంలో 2002 నుండి ప్రదర్శనశాలగా ఉన్న ‘కురుసుర’ జలాంతర్గామిలోకి విద్యార్థులను తీసుకొనిపోయిన ఉపాధ్యాయులు, ఆ ఇరుకు మార్గంలో వారిని ఒక్క క్షణం నిలిపి, మునిగిపోతున్న ఓడలోని రెండువేల మందిని ఇందులో ఎక్కడ కూర్చుండబెట్టగలమని అడిగి చూడవచ్చును.