పగులు చెప్పే సాక్ష్యం: బట్టీ గాజులో దోషనిర్ణయ విద్య పుట్టుపూర్వోత్తరాలు

గాజు ముక్కలను ఒకదానిపై ఒకటి పేర్చి, అవి కరిగి ఒకే ఫలకంగా అతుక్కునే వరకు బట్టీలో కాల్చడాన్ని ఫ్యూజింగ్ అంటారు. అలా తయారైన ఫలకాన్ని మళ్లీ తక్కువ వేడిలో మెత్తబరచి, అది తన బరువుకు తానే వంగి కిందనున్న అచ్చులోకి దిగి గిన్నెగానో పళ్లెంగానో రూపు కట్టేలా చేయడాన్ని స్లంపింగ్ అంటారు. మొదటి పని సుమారు 800 డిగ్రీల సెల్సియస్ దగ్గర, రెండోది 620 నుంచి 680 డిగ్రీల మధ్య జరుగుతుంది. ఊదుడు గొట్టంతో పనిచేసేవారు గాజును కళ్లెదుట తిప్పుతూ, తప్పు కనబడిన మరుక్షణం దిద్దుకోగలరు. బట్టీ పనివారికి ఆ వీలు లేదు; తలుపు మూసింది మొదలు గాజు పూర్తిగా చల్లారేదాకా లోపలి సంగతి వారి చేతిలో ఉండదు, తలుపు తీశాక కనిపించేది ఫలితమే గాని అది సంభవించిన క్రమం కాదు. అందువల్ల ఈ కళలో దోషాన్ని దాని ఆనవాళ్లను బట్టి వెనక్కి చదివే విద్య ఒకటి ప్రత్యేకంగా ఏర్పడింది. ఆ విద్యకు కావలసిన పనిముట్లలో చాలాభాగం గాజు అతికేవారు కనిపెట్టినవి కావు. కుమ్మరుల నుంచి, భౌతికశాస్త్రజ్ఞుల నుంచి, యుద్ధకాలంలో కటకాలు తయారు చేసినవారి నుంచి ఒక్కొక్కటిగా వచ్చి చేరినవి.

కళ మాత్రం బహు ప్రాచీనం. క్రీస్తుకు పూర్వం చివరి మూడు శతాబ్దాలలో మధ్యధరా తీరాల్లోని పనివారు రంగురంగుల గాజు కడ్డీలను కట్టగా చేర్చి, కాచి సాగదీసి, అడ్డంగా బిళ్లలుగా కోసి, ఆ బిళ్లలను పక్కపక్కన పరచి ఒకే పలకగా అతికించి, ఆ పలకను అచ్చుపై వాల్చి గిన్నెలు చేశారు. ఇటలీలోని కనోసా సమాధుల్లో దొరికిన పాత్రలు, క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దంలో ఆంటికిథెరా దీవి దగ్గర మునిగిన ఓడలో బయటపడిన మొజాయిక్ గిన్నెలు ఈ పనితనానికి నిదర్శనాలు. ఉష్ణమాపకం ఎరుగని ఆ పనివారి గిన్నెలు రెండువేల ఏళ్లకు పైగా పగలకుండా నిలవడానికి వారి కంటి అనుభవం ఎంత కారణమో, వారు వాడిన సరుకు కూడా అంతే కారణం. ఆనాటి గాజు నేట్రాన్ అనే సహజ సోడా ఖనిజాన్ని ఇసుకతో కలిపి కరిగించిన ఒకే తరహా మూలపదార్థం. రంగు కోసం అందులో కలిపే లోహ భస్మాలు తరచు స్వల్ప మోతాదులోనివే కాబట్టి, ఒక రంగుకూ మరో రంగుకూ స్వభావంలో పెద్ద తేడా ఉండేది కాదు. తరువాతి కాలంవారిని వేధించిన అతిపెద్ద సమస్య ఆ విధంగా వారి దరికి అంతగా రాలేదు.

క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దంలో సిరియా, పాలస్తీనా ప్రాంతంలో గాజును ఊదే పద్ధతి పుట్టడంతో బట్టీ గాజు వెనుకబడింది. గొట్టంతో నిమిషాలలో తయారయ్యే పాత్రకు బట్టీలో అంతంత సేపు వేచి ఉండే ఓపిక వర్తకానికి లేకపోయింది. 19వ శతాబ్దం చివర ఫ్రాన్సులో ఆన్రీ క్రో అనే శిల్పి గాజు పొడిని ముద్దచేసి అచ్చులో కాల్చే పద్ధతిని పునరుద్ధరించేదాకా ఈ మార్గం దాదాపు మూతపడే ఉంది. అయితే ఆ మధ్యకాలంలోనే, గాజు అతికే పనితో ఏ సంబంధమూ లేకుండా, దాని రోగాలను గుర్తించే జ్ఞానం వేరే చోట్ల పోగవుతూ వచ్చింది.

వాటిలో మొదటిది గాజు ఉపరితలం మసకబారి, గరుకుగా, వెలవెలబోయే దోషం. దీనిని డీవిట్రిఫికేషన్ అంటారు. క్రమబద్ధమైన అమరిక లేని గాజులో అక్కడక్కడా స్ఫటికాలు మొలకెత్తడం దీని అర్థం. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రెయోమ్యూర్ 1739లో సీసా గాజును జిప్సం, ఇసుక మిశ్రమంలో పూడ్చి చాలాసేపు కాల్చి, అది తెల్లని, కాంతి చొరని, పింగాణీని పోలిన పదార్థంగా మారడాన్ని వివరించాడు. ఆయన కోరింది చవకైన పింగాణీ. ఆయన చేతికి వచ్చింది నేటి బట్టీ పనివారు తప్పించుకోజూసే దోషానికి శాస్త్రీయ వివరణ. గాజు 700 నుంచి 830 డిగ్రీల మధ్య ఎక్కువసేపు నిలిస్తే, పైగా దానిమీద వేలిముద్రలో, దుమ్మో, సానపట్టిన అంచులోని గరుకో ఉంటే, స్ఫటికం మొలకెత్తడానికి ఆధారం దొరుకుతుంది. గాజును శుభ్రంగా కడగడం, ఆ ఉష్ణోగ్రతల గుండా జాగు లేకుండా చల్లార్చడం, పలచని బొరాక్సు పూత వేయడం ముందు జాగ్రత్తలు. మసక అప్పటికే పట్టివుంటే ఇసుక ఊది పైపొరను గీకివేసి, మెత్తని తెల్లగాజు పొడి చల్లి మళ్లీ కాల్చడం చికిత్స.

వేడిని కొలిచే విద్య కుమ్మరుల కానుక. ఇంగ్లండులో జోసయా వెడ్జ్‌వుడ్ 1782లో, మట్టి బిళ్లలు కాలేకొద్దీ కుంచించుకుపోయే గుణాన్ని ఆధారంగా చేసుకుని బట్టీ వేడిని అంచనా వేసే సాధనాన్ని ప్రకటించాడు. 1886లో బెర్లిన్‌లో హెర్మన్ సేగర్, 1896లో అమెరికాలో ఎడ్వర్డ్ ఆర్టన్ రూపొందించిన శంకువులు మరింత నమ్మకమైనవి. నిర్ణీత మిశ్రమంతో చేసిన ఈ చిన్న మట్టి కోన్లు తగిన వేడి తగలగానే తల వంచుతాయి. అవి చెప్పేది ఉష్ణోగ్రత ఒక్కటే కాదు, ఆ ఉష్ణోగ్రత పనిచేసిన కాలాన్ని కూడా కలుపుకున్న మొత్తం ఫలితం. గాజు విషయంలో ఈ సంగతి మరీ ముఖ్యం. 800 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచిన ఫలకమూ గంటసేపు ఉంచిన ఫలకమూ ఒకటి కావు, మొదటిదానిలో అంచులు నిలిచి ఉంటే రెండోదానిలో అవి పూర్తిగా పరుచుకుపోతాయి.

నేటి విద్యుత్ బట్టీలలో ఈ పని చేసే థర్మోకపుల్, అంటే రెండు వేర్వేరు లోహపు తీగల కూడలి వేడెక్కినప్పుడు పుట్టే స్వల్ప విద్యుత్తును బట్టి ఉష్ణోగ్రతను చెప్పే సాధనం, టోమాస్ సేబెక్ 1821లో గమనించిన ధర్మంపై ఆధారపడింది. గాజు పనివారు ఈయనకు రెండు విధాల రుణపడి ఉన్నారనే సంగతి తగినంతగా ప్రచారంలోకి రాలేదు. అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1813లో, అసమానంగా చల్లారిన గాజును ధ్రువణ కాంతిలో, అనగా ఒకే తలంలో కంపించేలా వడగట్టిన వెలుగులో చూస్తే రంగుల ఆకృతులు కనబడతాయని ఆయన గుర్తించాడు. స్కాట్లండులో డేవిడ్ బ్రూస్టర్ దాదాపు అదే కాలంలో, నొక్కుడుకో లాగుడుకో లోనైన గాజు కాంతిని రెండుగా చీలుస్తుందని నిరూపించాడు. 1816లో పారిస్ విజ్ఞాన అకాడమీ ఈ కృషికి తన బహుమతిని ఇద్దరికీ పంచి ఇచ్చింది. లోపల దాగిన ప్రతిబలం కంటికి కనబడటం అదే మొదలు. 1828లో విలియం నికోల్ చేసిన స్ఫటిక పట్టకం, 1929లో ఎడ్విన్ లాండ్ పేటెంటుకు దరఖాస్తు చేసిన పలచని ధ్రువణ పొర ఈ పరీక్షను ప్రయోగశాల నుంచి క్రమంగా సామాన్యుని బల్లమీదికి తెచ్చాయి.

ప్రతిబలాన్ని చూడటం ఒకటైతే, దాన్ని పోగొట్టడం మరొకటి. అతికిన గాజును ఒక నిర్ణీత ఉష్ణోగ్రత దగ్గర కొంతసేపు నిలిపి, ఆపైన లోపలి పొరా వెలుపలి పొరా ఒకే తీరున చల్లారేలా మెల్లగా దించడాన్ని అనీలింగ్ అంటారు. తరతరాలుగా అంచనాతో సాగిన ఈ పనికి లెక్కలు సమకూరింది మొదటి ప్రపంచయుద్ధం మూలంగా. జర్మనీ నుంచి దృశ్య పరికరాల గాజు రావడం ఆగిపోయినందున అమెరికా సొంతంగా తయారు చేసుకోవలసి వచ్చినప్పుడు, వాషింగ్టన్‌లోని కార్నెగీ సంస్థ భూభౌతిక ప్రయోగశాల శాస్త్రజ్ఞులు ఆ పనిలో దిగారు. వారిలో ఆడమ్స్, విలియమ్సన్ అనే ఇద్దరు 1920లో ప్రచురించిన పరిశోధన, ఏ ఉష్ణోగ్రత దగ్గర ప్రతిబలం ఎంత వేగంగా సడలుతుందో, మందం పెరిగేకొద్దీ చల్లార్చే వేగం ఎంతగా తగ్గాలో సూత్రబద్ధం చేసింది. ఆ తర్కం నేటి పట్టికలలో కూడా కనిపిస్తుంది. బట్టీ పనికి వాడే బుల్స్‌ఐ అనే రకం గాజుకు తయారీదారు ఇచ్చే పట్టిక ప్రకారం 12 మిల్లీమీటర్ల ఫలకాన్ని 482 డిగ్రీల దగ్గర 2 గంటలు నిలిపి, మొదటి దశలో గంటకు 55 డిగ్రీల చొప్పున దించితే సరిపోగా, 25 మిల్లీమీటర్లదానిని 4 గంటలు నిలిపి గంటకు 15 డిగ్రీల చొప్పున మాత్రమే దించాలి. మందం రెట్టింపైతే సమయం కూడా రెట్టింపు చేస్తే చాలునని భావించేవారి ఫలకాలు పగలడానికి ఇదే కారణం.

20వ శతాబ్దం మధ్యలో అమెరికాలో మారిస్ హీటన్, షికాగోలో 1948లో పని ఆరంభించిన మైకేల్, ఫ్రాన్సెస్ హిగ్గిన్స్ దంపతులు బట్టీ గాజుకు మళ్లీ గౌరవం తెచ్చారు. హిగ్గిన్స్ దంపతులు సాధారణ గాజు పలకల మధ్య ఎనామెల్ రంగులు పరచి అతికించేవారు; మూలగాజు ఒక్కటే గనుక వారికి రంగు గాజుల పొంతన సమస్య పెద్దగా ఎదురు కాలేదు. ఆ సమస్యను నెత్తిన వేసుకున్నది తరువాతి తరం. హాంబర్గ్‌లో పుట్టిన క్లాస్ మోయె 1979లో వాషింగ్టన్ రాష్ట్రంలోని పిల్‌చక్ పాఠశాలలో బోధిస్తూ, పోర్ట్‌లాండ్‌లో 1974లో మొదలైన బుల్స్‌ఐ కర్మాగార స్థాపకులలో ఒకరైన బాయిస్ లండ్‌స్ట్రమ్‌ను కలిశారు. రంగురంగుల గాజులు కలిసి కరిగి, కలిసి చల్లారి, పగలకుండా నిలవాలన్న మోయె అవసరమే ఆ కర్మాగారాన్ని పరీక్షించిన పొంతన గాజుల తయారీవైపు నడిపించింది. మోయె 1982లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాకు వెళ్లి అక్కడి కళాశాల గాజు విభాగాన్ని నిర్మించారు.

ఇక్కడే నేటికీ తొలగని ఒక అపోహను ప్రస్తావించాలి. వేడికి ఒక పదార్థం ఎంత సాగుతుందో చెప్పే సంఖ్యను దైర్ఘ్య వ్యాకోచ గుణకం అంటారు. ఒక డిగ్రీ వేడికి కోటి వంతులలో 90 వంతులు సాగే గాజును 90 గాజనీ, 96 వంతులు సాగేదాన్ని 96 గాజనీ అంగళ్లలో పిలవడం అలవాటైంది. సంఖ్య కలిస్తే గాజులు కలుస్తాయన్న నమ్మకం అలా పాతుకుపోయింది. వాస్తవానికి ఆ సంఖ్యను సాధారణంగా 300 డిగ్రీల లోపు కొలుస్తారు. రెండు గాజుల మధ్య పేచీ మాత్రం అంతకన్నా చాలా పైన, అవి బిగుసుకోవడం మొదలుపెట్టే దశలోనే ఆరంభమవుతుంది. అక్కడ వ్యాకోచంతో పాటు స్నిగ్ధత, అంటే గాజు జారకుండా నిలదొక్కుకునే గుణం కూడా లెక్కలోకి వస్తుంది. సంఖ్యలు సమానమైనా పొసగని గాజులు, సంఖ్యలు కొద్దిగా తేడాపడినా చక్కగా పొసగే గాజులు ఉండటానికి కారణం ఇదే. గాజుకు ఇచ్చిన సంఖ్యకన్నా బట్టీలో చేసిన పరీక్షనే ప్రమాణంగా తీసుకోవాలి.

పరీక్షలన్నిటికీ ముందు, పగిలిన ముక్క తానే చాలా చెబుతుంది. పగులు అంచును వేలితో మెల్లగా తడిమినప్పుడు అది గుండ్రంగా, నున్నగా తగిలితే, గాజు వేడెక్కే దశలోనే, తొందరపాటు వల్ల పగిలి, ఆపైన వచ్చిన వేడికి దాని అంచులు కరిగి నునుపెక్కాయని అర్థం. కోసుకునేంత పదునుగా ఉంటే పగులు చల్లారేటప్పుడో చల్లారాకో వచ్చింది. ఆ పదునైన పగులు రంగు ముక్క అంచును పట్టుకుని దాని చుట్టూ నడిస్తే దోషం పొంతనలో ఉంది. రంగులను లెక్కచేయకుండా ఫలకం మధ్యగా మెలికలు తిరిగి, చివర కొక్కెంలా వంగితే అనీలింగ్ చాలలేదని తలచాలి. మట్టి అచ్చుపై బోర్లా వాల్చిన గిన్నె చీలితే కారణం మరొకటి. చల్లారేటప్పుడు మట్టికన్నా గాజు ఎక్కువ ముడుచుకుని అచ్చును బిగపట్టుకుంటుంది. అదే పనికి ఉక్కు అచ్చు వాడితే, ఉక్కు గాజుకన్నా ఎక్కువ ముడుచుకుని తానే వదులవుతుంది.

బుడగలు, ముడుచుకున్న అంచులు వేరే కోవకు చెందినవి. కరిగిన గాజు తలతన్యత వల్ల దాదాపు 6 మిల్లీమీటర్ల మందానికి రావడానికి ప్రయత్నిస్తుంది. అంతకన్నా పలచనిది లోపలికి ముడుచుకుంటుంది, మందమైనది బయటికి పాకుతుంది. ఒకే పొర గాజును పూర్తి వేడికి కాల్చేవారికి ముళ్ల అంచులూ, కింద చిక్కిన గాలి తన్నుకొచ్చిన రంధ్రాలూ ఎదురవడం ఇందువల్లనే. 1959లో పిల్కింగ్టన్ సంస్థ ప్రకటించిన ఫ్లోట్ పద్ధతిలో, కరిగిన తగరంపై తేలుతూ తయారైన కిటికీ గాజు ఒక కొత్త దోషాన్ని తెచ్చింది. తగరం తగిలిన పక్క వంగేటప్పుడు ముడతల మసకగా మారుతుంది. చీకట్లో తక్కువ తరంగదైర్ఘ్యపు అతినీలలోహిత దీపం వేస్తే ఆ పక్క పాలవెలుగుతో మెరిసి తన్ను తాను పట్టిస్తుంది. దోషం గాజుది కాక బట్టీదేమోనన్న అనుమానం వస్తే, లోపల వేడి ఎక్కడ ఎక్కువో తెలుసుకోవడానికి, ఒకే కొలత గల గాజు పట్టీలను రెండేసి దిమ్మెలపై వంతెనలుగా పలుచోట్ల పెట్టి కాల్చి, ఏది ఎంత కుంగిందో పోల్చి చూస్తారు. థర్మోకపుల్ తన కొన ఉన్న చోటి వేడిని మాత్రమే చెప్పగలదు.

కరిగే గాజు బట్టీ లోపలి అరపలకకు అంటుకోకుండా దానిమీద అల్యూమినా, చీనామట్టి కలిపిన పూత వేస్తారు. అంటుకోవడమనే ఈ సమస్య బట్టీ పనివారికే ప్రత్యేకం కాదు. తిరుపతి జిల్లా పాపానాయుడుపేటలో సాగదీసిన గాజు గొట్టాల నుంచి కోసిన పూసల అంచులను వేడితో నునుపుచేసేటప్పుడు, అవి ఒకదానికొకటి అతుక్కోకుండా, రంధ్రాలు పూడకుండా బూడిదలో కలిపి కాచే సంప్రదాయ పద్ధతి అదే సమస్యకు పరిష్కారం. తెలుగునాట ఎంతో కాలంగా నిలిచిన ఈ జ్ఞానాన్ని ఆధునిక స్టూడియో గాజుతో పాటు అధ్యయనం చేయవలసిన అవసరం ఉంది.

స్పెక్ట్రమ్ గాజు కర్మాగారం 2016లో మూతపడి, దాని 96 గాజుల తయారీ మరో సంస్థకు మారినప్పుడు, పాత నిల్వలతో కొత్త గాజును కలపవచ్చునా అన్న ప్రశ్న పనివారి ముందుకు వచ్చింది. అటువంటి ప్రశ్నకు జవాబు రాబట్టే మార్గం ఎవరి ఇంట్లోనైనా ఉండవచ్చు. కొత్తగా ఈ పని చేపట్టేవారు పారదర్శక గాజు పట్టీపై తాము వాడదలచిన రంగు ముక్కలను ఎడంగా పేర్చి, వాటితో పాటు ఆ పట్టీ గాజుదే ఒక ముక్కను కూడా చేర్చి, పూర్తి వేడికి కాల్చి, సక్రమంగా అనీల్ చేసి, అడ్డంగా తిప్పిన రెండు ధ్రువణ పొరల మధ్య వెలుగుకు ఎదురుగా చూడాలి. రంగు ముక్క చుట్టూ మాత్రమే తెల్లని వెలుగు వలయం కనిపిస్తే ఆ గాజు పొసగదు. పట్టీ గాజు ముక్క చుట్టూ కూడా కనిపిస్తే ముందు అనీలింగ్‌ను సరిచేసి పరీక్షను మళ్లీ చేయాలి.