ఏబదిముగ్గురి పద్దులో ఒకని వాటా

అమెరికావారు ఫుట్‌బాల్ అని పిలుచు ఆటలో బంతిని కాలితో తన్నుట అరుదు. దానిని చేత పట్టి పరుగెత్తుటయు, దూరమున నున్న తోటివానికి విసరుటయు అందలి ముఖ్యకార్యములు. మనమెరిగిన ఫుట్‌బాల్‌ను వారు సాకర్ అందురు. మైదానములో ఒక్కొక్క పక్షమున పదునొకండుగురు నిలుతురు. బంతి ఏ పక్షము చేతిలో నున్నదో ఆ పక్షమునకు సూత్రధారి క్వార్టర్‌బ్యాక్ అను ఆటగాడు. ప్రతి పర్యాయమును బంతి మొదట అతని చేతికే వచ్చును. ఎదుటి బలాఢ్యులు తనపై విరుచుకొనిపడుటకు ముందు, రెండు మూడు సెకండ్లలో, దానిని ఎవరికి అందీయవలెనో అతడు తేల్చుకొనవలెను. అట్టివానికి తక్కినవారికంటె హెచ్చు వేతనమిచ్చుట వింత కాదు. ఆ హెచ్చు ఎంత, అది ఎవరి వాటా నుండి వచ్చుచున్నది అను ప్రశ్నలకు మాత్రము అరువదేండ్ల చరిత్ర కలదు.

నేషనల్ ఫుట్‌బాల్ లీగు 1920లో పుట్టినది. చాలకాలము వరకు అందలి ఆటగాండ్రు ఆటలు లేని నెలలలో వేరొక పని చేసికొని బ్రతికిన వారే. కళాశాలల నుండి వచ్చు యువకులను జట్లు వంతులవారీగా ఎంచుకొను పద్ధతి 1936లో వచ్చెను. దీనికి డ్రాఫ్ట్ అని పేరు. ఎంచుకొన్న జట్టుతో తప్ప వేరొకరితో బేరమాడు హక్కు ఆ యువకునికి లేదు. కొనువాడొక్కడే అయినపుడు వెల ఎవరు నిర్ణయింతురో చెప్పనక్కరలేదు.

1960లో అమెరికన్ ఫుట్‌బాల్ లీగు అను పోటీ సంస్థ ఆడుట మొదలుపెట్టుటతో కొనువారు ఇద్దరైరి. 1964లో ఒక టెలివిజన్ సంస్థ ఆ కొత్త లీగునకు అయిదేండ్లకు గాను 3 కోట్ల 60 లక్షల డాలర్లు ఇచ్చుటకు ఒప్పుకొనెను. ఆ ధనబలముతో న్యూయార్క్ జెట్స్ జట్టు 1965 జనవరిలో అలబామా విశ్వవిద్యాలయపు క్వార్టర్‌బ్యాక్ జో నేమత్‌ను 4 లక్షల 27 వేల డాలర్ల ఒప్పందముపై తెచ్చుకొనెను. జెట్స్ యజమాని సానీ వెర్బ్లిన్ వినోద వ్యాపారము నుండి వచ్చినవాడు. ప్రేక్షకులు తారను చూచుటకు వత్తురని ఆయన ఎరుగును. నాలుగేండ్లకు, 1969 జనవరిలో, గెలుపు మాదేయని ముందుగా బహిరంగముగా పలికి, నేమత్ బాల్టిమోర్ జట్టును 16-7 తేడాతో ఓడించి చూపెను. కాని అప్పటికే ఆ వేలము ముగిసినది. వెలలు మితిమీరుచున్నవని భయపడి రెండు లీగులును 1966లోనే ఏకమగుటకు ఒప్పందము చేసికొనియుండెను.

తరువాత పాతికేండ్లు న్యాయస్థానములలోను, సమ్మెలలోను గడచినవి. ఒప్పందకాలము తీరిన ఆటగానిని వేరొక జట్టు తీసికొన్నచో పాత జట్టునకు పరిహారమీయవలెననియు, ఆ పరిహారము లీగు కమిషనరే నిర్ణయించుననియు ఒక నియమము ఉండెను. పీట్ రోజెల్ అను కమిషనరు పేర అది ప్రసిద్ధము. ఏమి కోల్పోవలసివచ్చునో తెలియక ఏ జట్టును ముందుకు వచ్చెడిది కాదు. ఆటగాండ్ర సంఘాధ్యక్షుడైన జాన్ మెకీ మొదలగువారు వేసిన వ్యాజ్యములో 1976లో ఆ నియమము చెల్లదని తీర్పు వచ్చినను, మరుసటి యేటి ఒడంబడికలో పరిహారము వేరొక రూపమున మిగిలియే యుండెను. 1987లో సమ్మె చేసినపుడు యజమానులు బయటివారిని దింపి ఆటలు సాగించిరి. తుదకు 1992 సెప్టెంబరులో మినియాపోలిస్‌లో జూరీ ఆటగాండ్ర పక్షమున తీర్పు చెప్పిన పిమ్మట, 1993లో రాజీ కుదిరెను.

ఆ రాజీయే నేటి వ్యవస్థకు మూలము. ఒప్పందము తీరిన ఆటగాడు కొన్నేండ్ల సేవ పిమ్మట ఇష్టమైన జట్టునకు పోవచ్చునను స్వేచ్ఛ ఆటగాండ్రకు దక్కెను. దానికి ప్రతిగా యజమానులు పొందినది వేతన పరిమితి. అక్కడివారి మాటలో సాలరీ కాప్. లీగు రాబడిలో ఆటగాండ్రకు చెందు భాగమును లెక్కకట్టి, దానిని జట్లకు సమానముగా పంచి, ఒక్కొక్క జట్టు ఇంతకు మించి వేతనపు లెక్క చూపరాదని హద్దు పెట్టుట దీని స్వరూపము. 1994లో, మొదటి యేట, ఆ హద్దు 3 కోట్ల 46 లక్షల డాలర్లు. ధనిక నగరపు జట్టును చిన్న ఊరి జట్టును సమానముగా నిలుచుటకు ఇది తోడ్పడినదనుట నిజమే. కాని దీని లోపలి పర్యవసానము వేరు. అంతవరకు క్వార్టర్‌బ్యాక్ ఒక డాలరు ఎక్కువ అడిగినచో అది యజమాని జేబులో నుండి వచ్చెడిది. ఇపుడది చాలవరకు సాటి ఆటగాని కంచములో నుండి వచ్చుచున్నది.

మొదటి దెబ్బ తగిలిన వారిలో ఒక క్వార్టర్‌బ్యాక్‌యే ఉండుట విచిత్రము. న్యూయార్క్ జయంట్స్ జట్టునకు 1987 జనవరిలో మహావిజయము తెచ్చిన ఫిల్ సిమ్స్, 1993లో ప్రతి ఆటయు ఆడి జట్టును తుదిపోటీల దశకు చేర్చెను. భుజమునకు శస్త్రచికిత్స జరిగిన ఆయనను, పరిమితిలో చోటు లేదని, 1994 జూనులో ఆ జట్టు విడిచిపుచ్చెను. ఆయన మరల ఏ జట్టునకును ఆడలేదు.

పద్దు వ్రాయువారు త్వరలోనే ఉపాయము కనిపెట్టిరి. సంతకము నాడే ఇచ్చు బోనస్ సొమ్ము ఆటగానికి వెంటనే ముట్టును; పరిమితి లెక్కలో మాత్రము దానిని అయిదేండ్ల వరకు పంచి వ్రాయవచ్చును. అయిదు కోట్లు ఇచ్చి ఏటికి ఒక కోటి చొప్పున చూపవచ్చునన్నమాట. ఆటగాడు రెండేండ్లకే వెడలిపోయినచో మిగిలిన మూడు కోట్లు జట్టు నెత్తిన పడును. అట్లు పడిన దానిని డెడ్ మనీ అందురు. మన పల్లెలలో ఎద్దు చచ్చిన పిదప కూడ దానికై చేసిన అప్పు తీర్చు రైతునకు ఈ లెక్క వివరింపనక్కరలేదు.

ఇంతలో ఆటయు మారెను. 1978లో చేసిన నియమములు బంతి విసరుటకు అనుకూలించినవి. అందుకొనువానిని ఎదిరి పట్టి ఆపుటకు హద్దు ఏర్పడినది. బంతి విసరుట సులభమైనకొలది విసరువాని విలువ పెరిగెను. 1993 డిసెంబరులో డల్లస్ జట్టు ట్రాయ్ ఐక్‌మన్‌కు ఎనిమిదేండ్లకు 5 కోట్ల డాలర్లు ఇచ్చెను. ఏటి సగటు మరుసటి యేటి పరిమితిలో అయిదవ వంతుకు కొంచెము తక్కువ. అదే జట్టు 2024 సెప్టెంబరులో డాక్ ప్రెస్కాట్‌కు నాలుగేండ్లకు 24 కోట్లు ఇచ్చెను. ఏటి సగటు 6 కోట్లు. ఆ యేటి పరిమితి 25 కోట్ల 54 లక్షలు. ముప్పదేండ్లలో పరిమితి ఏడు రెట్లకు పైగా పెరుగగా, ఆ స్థానపు వెల తొమ్మిది రెట్లకు పైగా పెరిగినది. 2024లో కొత్త ఆటగానికి కనీస వేతనము 7 లక్షల 95 వేల డాలర్లు. జట్టులోని ఏబదిముగ్గురిలో పలువురు ఆ కనీస వేతనమునకు దగ్గరలోనే యుందురు. ప్రెస్కాట్ ఏటి సగటుతో అట్టివారిని డెబ్బదియైదుగురిని పోషింపవచ్చును.

ఈ ఒత్తిడికి విరుగుడుగా తోచినది కొత్తవారి వేతనములకు కళ్ళెము వేయుట. 2010లో మొదటి ఎంపికగా వచ్చిన క్వార్టర్‌బ్యాక్ సామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఆరేండ్లకు 7 కోట్ల 80 లక్షల ఒప్పందము దక్కెను. 2011లో యజమానులు నాలుగు నెలలకు పైగా తలుపులు మూసి, కొత్త ఒడంబడిక సాధించిన పిమ్మట, అదే స్థానమున వచ్చిన కామ్ న్యూటన్‌కు లభించినది నాలుగేండ్లకు సుమారు 2 కోట్ల 20 లక్షలు. ఒక్క యేటిలో ఇంత దిగుట! అప్పటి నుండి జట్ల యెత్తుగడయే మారినది. ఉత్తముడైన క్వార్టర్‌బ్యాక్‌ను చౌకగా నున్నపుడే పట్టి, మిగిలిన సొమ్ముతో తక్కినవారిని కూర్చుకొనవలెను.

సియాటిల్ జట్టు దీనికి నిదర్శనము. 2012లో మూడవ విడతలో, 75వ వాడుగా, ఆ జట్టు ఎంచుకొన్న రసెల్ విల్సన్ పొట్టివాడని పలువురు వదలివేసినవాడు. నాలుగేండ్లకు ఆయన ఒప్పందము సుమారు 30 లక్షల డాలర్లు. 2014 ఫిబ్రవరిలో సియాటిల్ జట్టు డెన్వర్ జట్టును 43-8 తేడాతో చిత్తుచేసినపుడు, ఎదుట నున్న క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ అయిదేండ్లకు 9 కోట్ల 60 లక్షల ఒప్పందము మీద నున్నవాడు. విల్సన్ చౌకగా నున్నందుననే ఆ వసంతమున ఎర్ల్ థామస్, రిచర్డ్ షెర్మన్ అను రక్షక యోధులకు పెద్ద ఒప్పందములు ఇచ్చుట సాధ్యమైనది. 2015లో విల్సన్‌కు నాలుగేండ్లకు 8 కోట్ల 76 లక్షలు దక్కెను. ఆయన ఉన్నంతకాలము ఆ జట్టు మరల చివరి పోటీకి చేరలేదు. దీనికంతకును వేతనమే కారణమనుట తొందరపాటు. ఆ యోధులు గాయపడుటయు నిజమే. అయినను పద్దు బిగిసినదనుట కాదనరానిది.

కాన్సస్ సిటీ జట్టు ఈ వాదమునకు ఎదురు సాక్ష్యము. 2020లో పాట్రిక్ మహోమ్స్‌కు పదేండ్లకు 45 కోట్ల ఒప్పందమిచ్చి, 2022లో మెరుపువంటి టైరీక్ హిల్‌ను మయామీకి ఇచ్చివేసి కూడ, వరుసగా రెండేండ్లు విజేత అయ్యెను. 1994లో స్టీవ్ యంగ్ పరిమితిలో సుమారు 13 శాతము తీసికొని గెలిచినది మొదలు 2022 వరకు, అంతకు మించిన భారముతో గెలిచిన జట్టు లేదు; మహోమ్స్ ఆ యేట సుమారు 17 శాతము. ఇట్టివాడు తరమునకొకడు. అతనిని చూచి తక్కినవారికి అదే వెల కట్టుటయే జట్ల దౌర్బల్యమని నా అభిప్రాయము. క్వార్టర్‌బ్యాక్ లేని జట్టు గెలువదను భయము బేరములో ఆటగానికి పెట్టుబడి.

2020 మార్చిలో ఆటగాండ్రు కొత్త ఒడంబడికపై వోటు వేసిరి. కనీస వేతనము పెరుగును, రాబడిలో కనీసము 48 శాతము తమకు వచ్చును. కాని యజమానులు పదునేడవ ఆటను చేర్చవచ్చును. ఆరన్ రాజర్స్, విల్సన్ వంటి పెద్ద క్వార్టర్‌బ్యాక్‌లు బహిరంగముగా వ్యతిరేకించిరి. 1,019 వోట్లు అనుకూలముగాను, 959 ప్రతికూలముగాను వచ్చినవి. కొద్దిపాటి వేతనము వానికి నేటి పెంపు ముఖ్యము. కోట్లు వచ్చువానికి దేహమునకు తగులు మరియొక ఆట దెబ్బ ముఖ్యము. ఇరువురిదియు న్యాయమే.

వేతనపు మొత్తముకంటె హామీయే అసలు ఆస్తి. ఈ ఆటలో చాల ఒప్పందములు నడుమనే తెగిపోవును. 2022లో క్లీవ్‌లండ్ జట్టు డిషాన్ వాట్సన్‌కు అయిదేండ్లకు 23 కోట్లును పూర్తి హామీతో ఇచ్చుట తక్కిన యజమానులకు కంటకమైనది. పూర్తి హామీలను అరికట్టుమని లీగు పెద్దలు యజమానులను ప్రోత్సహించిరనియు, వారు కూడబలుక్కొని అట్లు చేసినట్లు మాత్రము రుజువు కాలేదనియు ఒక మధ్యవర్తి ఇచ్చిన తీర్పు 2025లో బయటికి వచ్చెను.

ఇక విల్సన్ కథ మిగిలినది. 2014లో తాను ఓడించిన డెన్వర్ జట్టే 2022లో ఆయనను తెచ్చుకొని, ఒక్క ఆటయైన ఆడక ముందే 24 కోట్లకు పైబడిన కొత్త ఒప్పందమిచ్చెను. రెండేండ్లు గడచినవి, విజయములు రాలేదు. 2024 మార్చిలో ఆయనను విడిచిపుచ్చినపుడు డెన్వర్ పద్దున పడిన డెడ్ మనీ ఎనిమిదిన్నర కోట్ల డాలర్లు. ఆ మొత్తమును రెండేండ్లకు పంచి వ్రాసికొనిరి. పిట్స్‌బర్గ్ జట్టు ఆయనను ఏడాదికి 12 లక్షల డాలర్ల కనీస వేతనముపై చేర్చుకొనెను. హామీ పొందిన 3 కోట్ల 90 లక్షలలో ఆ 12 లక్షలు పోను మిగిలినది, ఇక తమకు ఆడని ఆటగానికి, డెన్వరే చెల్లించెను. ఆ యేట డెన్వర్ పన్నెండవ ఎంపికగా బో నిక్స్ అను కొత్త క్వార్టర్‌బ్యాక్‌ను తెచ్చుకొనెను. నాలుగేండ్లకు అతని ఒప్పందము రెండు కోట్లకు లోపు. ఆ కుర్రవానితో ఆ జట్టు 2016 తరువాత తొలిసారిగా తుదిపోటీల దశకు చేరెను.