జర్నీమన్

ఫుట్‌బాల్ వార్తల్లో ‘జర్నీమన్’ అన్న మాట చూడగానే మూటాముల్లె సర్దుకుని ఊళ్లు తిరిగే మనిషి మనసులో మెదులుతాడు. మాట పుట్టుకలో మాత్రం ఉన్నది తిరుగుడు కాదు, రోజు. ఫ్రెంచిలో ‘జూర్నే’ అంటే ఒక పగలు, ఒక రోజు పని. మధ్యయుగపు ఇంగ్లండు వృత్తి సంఘాల్లో శిష్యరికం ముగిసినా సొంత దుకాణం పెట్టుకునే హోదా రాని పనివాడు జర్నీమన్. యజమాని దగ్గర రోజు లెక్కన కూలి తీసుకునేవాడు. అమెరికాలో లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను నేటికీ అలాగే అంటారు. అందులో చిన్నచూపేమీ లేదు.

చిన్నచూపు ఆటల్లో అంటుకుంది. బాక్సింగులో ఎదుగుతున్న కుర్రాళ్లకు ప్రత్యర్థిగా దిగి, ఎక్కువగా ఓడే అనుభవజ్ఞుడు జర్నీమన్. ఇంగ్లండు బాక్సర్ పీటర్ బక్లీ 2008లో విరమించేనాటికి 300 పోటీల్లో 256 ఓడాడు.

ఫుట్‌బాల్‌కు వచ్చేసరికి క్లబ్బులు మారడమే ముఖ్యార్థమైంది. ‘జర్నీ’కి ప్రయాణమనే అర్థం స్థిరపడటమే ఇందుకు కారణం కావచ్చు. 1995 నాటి బాస్మన్ తీర్పుతో, ఒప్పందం ముగిసిన ఆటగాడు యూరోపియన్ యూనియన్‌లో బదిలీ రుసుము లేకుండానే మరో క్లబ్బుకు వెళ్లగలిగాడు, రాకపోకలు సులువయ్యాయి.

మిడ్‌ఫీల్డర్ రోహన్ రికెట్స్ ఇందుకు చక్కటి ఉదాహరణ. ఆర్సెనల్‌లో ఆట నేర్చి, దాని బద్ధవైరి టాటెన్‌హామ్‌కు ఆడాడు. తర్వాత వుల్వర్‌హాంప్టన్, కెనడాలోని టొరంటో, హంగరీ, మాల్డోవా, జర్మనీ, ఐర్లండ్ క్లబ్బులు. 2012లో గోవా క్లబ్బు డెంపోలో చేరాడు. ఆపై ఈక్వడార్, థాయ్‌లాండ్ కూడా చూశాడు. ఇలాంటివాడిని అభిమానులు జర్నీమన్ అన్నప్పుడు అది మెప్పో దెప్పో అన్నవారి గొంతును బట్టే తెలియాలి.