గోడలు కూల్చిన నేలలో సైకిలు బాటలు

1724లో స్కాట్లండ్ నైరుతి మూలన ఉన్న గాలోవేలో గోడలు కూలడం మొదలైంది. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడలవి. కౌలు రైతులు, కూలీలు వందల మంది గుంపులుగా వచ్చి, గోడ పొడవునా వరసగా నిలబడి, కర్రలు దూర్చి అందరూ ఒక్కసారే తోసేవారు. తెల్లారి చూస్తే భూస్వామికి రాళ్ళ కుప్ప మిగిలేది.

వాళ్ళ కడుపుమంటకు కారణం ఉంది. 1707లో ఇంగ్లండ్, స్కాట్లండ్ ఒకే రాజ్యమయ్యాయి. స్కాట్లండ్ పశువులకు ఇంగ్లండ్ సంతలు బార్లా తెరుచుకున్నాయి. మనుషులకు కౌలుకిచ్చే కంటే మందలు పెంచితేనే గిట్టుబాటని భూస్వాములు లెక్క వేసుకున్నారు. చిన్న కమతాలన్నీ కలిపేసి చుట్టూ గోడలు కట్టారు. తరాలుగా దున్నుకుంటున్న కుటుంబాలు వీధిన పడ్డాయి. గోడలు కూల్చినవాళ్ళను ‘లెవెలర్లు’ అన్నారు. ప్రభుత్వం గుర్రపు దళాలను దింపి వాళ్ళను అణిచేసింది. కూలిన గోడలు మళ్ళీ లేచాయి.

ఇప్పుడు ఆ సీమలో కొండ సైకిళ్ళు తిరుగుతున్నాయి. ‘సెవెన్ స్టేన్స్’ (ఏడు రాళ్ళు) అనే పేరుతో దక్షిణ స్కాట్లండ్ అడవుల్లో వేసిన బాటల్లో గ్లెన్‌ట్రూల్, కిర్రోక్‌ట్రీ, డాల్‌బీటీ గాలోవేలోనే ఉన్నాయి. మలుపుల గురించి, దూకుళ్ళ గురించి రాసేవాళ్ళు చాలామందే ఉన్నారు. నన్ను పట్టి లాగేది ఆ బాట కింద ఉన్న చరిత్ర. ఆ నేల ఎవరిది, అక్కడి చెట్టు ఎవరు నాటారు, ఆ దారిన వెళ్ళే హక్కు ఎలా వచ్చింది అని అడుగుతూ పోతే మూడు వందల ఏళ్ళ తగాదా బయటపడుతుంది.

ముందు నేల సంగతి. గాలోవే కొండలు మరీ ఎత్తయినవి కావు. అన్నిటికన్నా పెద్దదైన మెరిక్ శిఖరం 843 మీటర్లే. కానీ మంచుయుగంలో హిమానీనదాలు ఒరుసుకుపోయిన గ్రానైటు, కాలు దిగబడే పీట్ బురద, ఎడతెగని వాన కలిసి ఆ సీమను మొండి నేలగా చేశాయి. కొండల మధ్య గుంటల్లో ‘లాఖ్’ అని పిలిచే సరస్సులు. లాఖ్ ట్రూల్ పక్కన 1307లో స్కాట్లండ్ రాజు రాబర్ట్ బ్రూస్ ఇంగ్లండ్ సైన్యాన్ని దెబ్బతీశాడు. వాలు మీంచి బండరాళ్ళు దొర్లించాడని అక్కడ చెప్పుకుంటారు. సరస్సులన్నీ పాతవే అనుకుంటే పొరపాటు. క్లాటరింగ్‌షాస్ 1930లలో జలవిద్యుత్తు కోసం ఆనకట్ట కట్టగా ఏర్పడింది. అదే పథకం కింద లాఖ్ డూన్‌లో నీటిమట్టం పెంచాల్సి వస్తే, దీవి మీదున్న పాత కోటను రాయి రాయిగా విప్పి ఒడ్డున తిరిగి కట్టారు.

అడవి కూడా అంతే, చాలావరకు మనిషి నాటినదే. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాలకు, బొగ్గు గనులకు కలప చాలక బ్రిటన్ నానా అవస్థ పడింది. ఆ భయంతోనే 1919లో ఫారెస్ట్రీ కమిషన్ పుట్టింది. గొర్రెలు మేసే కొండలను కొని మొక్కలు నాటింది. ఉత్తర అమెరికా పడమటి తీరానికి చెందిన సిట్కా స్ప్రూస్ ఆ వానకు, ఆ పీట్ నేలకు బాగా పట్టుకుంది. సూటిగా, దట్టంగా, కింద వెలుతురు చొరకుండా పెరిగింది. 1947లో ఆ ప్రాంతమంతా గాలోవే ఫారెస్ట్ పార్క్ అయింది. పార్కని పేరు పెట్టినా కలప తోటగా దాని పని ఆగలేదు. దుంగలు మోసే లారీల కోసం కంకర రోడ్లు వేశారు. 1970లలో కాలిఫోర్నియా కుర్రాళ్ళు పాత సైకిళ్ళకు లావు టైర్లు తగిలించి కొండ దిగడం మొదలుపెట్టారు. ఆ మోజు స్కాట్లండ్ చేరేసరికి ఈ కంకర రోడ్లు సిద్ధంగా ఉన్నాయి.

సైకిలు ఆ వైపు వాళ్ళకు కొత్త కాదు. పొరుగున డంఫ్రీస్‌షైర్‌లోని కీర్ ఊళ్ళో కిర్క్‌పాట్రిక్ మాక్మిలన్ అనే కమ్మరి ఉండేవాడు. కాళ్ళు నేలకు తాకించకుండా, తొక్కుడు కడ్డీలతో వెనక చక్రం తిప్పే బండిని 1839 ప్రాంతంలో తయారుచేశాడని ఆ జిల్లా గట్టిగా నమ్ముతుంది. ఆ మాట ఆయన పోయాక చాలా ఏళ్ళకు బంధువు ప్రచారం చేసినది. చరిత్రకారుల్లో చాలామంది దాన్ని ఇప్పటికీ ఒప్పుకోలేదు. నాకైతే, రుజువు తేలకపోయినా, ఒక పల్లె కమ్మరి పేరును ఊరు అంత పట్టుదలగా నిలుపుకోవడం గౌరవించదగ్గ విషయమే.

2001లో ఆ సీమకు పెద్ద దెబ్బ తగిలింది. బ్రిటన్‌లో గాలికుంటు వ్యాధి చెలరేగింది. స్కాట్లండ్‌లో అది ఎక్కువగా పడ్డది డంఫ్రీస్, గాలోవే పల్లెల మీదే. రోగం సోకిన మందలతో పాటు పక్క పొలాల్లోని ఆరోగ్యమైన పశువులను కూడా చంపి, కుప్పలు పోసి తగలబెట్టారు. కొండ దారులన్నీ మూసేశారు. ఏ పశువుల కోసం 1724లో మనుషులను వెళ్ళగొట్టారో ఆ పశువుల కొట్టాలే ఖాళీ అయ్యాయి. పల్లెలకు వేరే ఆదాయం చూపించాలని ఫారెస్ట్రీ కమిషన్, స్థానిక సంస్థలు కలిసి అడవుల్లో సైకిలు బాటలు వేయించాయి. ప్రతి చోటా ఒక రాతి శిల్పాన్ని నిలబెట్టారు. న్యూకాసిల్టన్ బాట దగ్గరి రాయి సరిగ్గా ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు గీత మీద ఉంటుంది.

అలాంటి నేలలో బాట వేయడం మాటలు కాదు. పీట్ మీద పది మంది టైర్లు తిరిగితే చాలు, గాడి పడి నీరు నిలిచి బురదగుంట అవుతుంది. అందుకని మెత్తటి పొరను తోడేసి, పెద్ద రాళ్ళు పేర్చి, వాటిపై కంకర పోసి గట్టిగా దిమ్మిస్తారు. వాలు అడ్డంగా కోసి, బాటను లోయ వైపు కొంచెం వంచుతారు. వాన నీరు బాట వెంబడి పారకుండా అడ్డంగా జారిపోవాలి. అక్కడక్కడా బాటను కావాలనే పల్లం చేసి మళ్ళీ ఎత్తు పెడతారు, పారే నీటిని అక్కడ బయటికి మళ్ళించడానికి. బాట ఎన్నేళ్ళు ఉంటుందో ముందు తేల్చేది నీరే. డాల్‌బీటీలో ఈ తంటా లేని చోటొకటి ఉంది. ‘స్లాబ్’ అని పిలిచే ఏటవాలు గ్రానైటు బండ. పైనుంచి చూస్తే గుండె జారుతుంది. అయితే గరుకు గ్రానైటు టైరును గట్టిగా పట్టుకుంటుంది. బ్రేకు ఒక్కసారిగా బిగించకుండా, ఒంటి బరువు వెనక్కి తీసుకుని, చూపు కిందివైపు నిలిపితే బండే దింపుతుంది. ఆ ఊరి గ్రానైటే లండన్‌లో థేమ్స్ గట్టుకు, లివర్‌పూల్ రేవులకు వెళ్ళింది.

ఇక హక్కు. స్కాట్లండ్‌లో దారి కోసం పోరాటం పాతది. 1847లో గ్లెన్ టిల్ట్‌లో విద్యార్థులతో మొక్కలు చూడ్డానికి వెళ్ళిన వృక్షశాస్త్ర ఆచార్యుడు జాన్ హట్టన్ బాల్ఫర్‌ను అథోల్ డ్యూక్ అడ్డుకున్నాడు. గ్లెన్ డాల్‌లో కొండ దారి మూసేసిన యజమానిపై దారుల హక్కుల సంఘం కేసు వేసింది. మందలు తోలిన వాళ్ళు, గొర్రెల కాపరులు వచ్చి తాము ఆ దారిన నడిచామని సాక్ష్యం చెప్పారు. 1888లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దారి జనానిదే అంది. చివరికి 2003లో భూసంస్కరణల చట్టం వచ్చి, 2005 ఫిబ్రవరి నుంచి అమలైంది. బాధ్యతగా మసలుకుంటే నడిచేవాళ్ళు, సైకిలు తొక్కేవాళ్ళు, గుర్రం ఎక్కేవాళ్ళు దాదాపు ఏ నేల మీదైనా, ఏ నీటి పక్కనైనా వెళ్ళొచ్చు. ఇంటి పెరడు, పంట వేసిన చేను లాంటివి మినహాయింపు. పక్కనే ఉన్న ఇంగ్లండ్‌లో సైకిలుకు ఇంత వెసులుబాటు లేదు. లెవెలర్లు కర్రలతో అడిగినది, రెండు వందల డెబ్బై తొమ్మిదేళ్ళకు పార్లమెంటు కాగితంపై కొంత ఇచ్చింది. భూమి మాత్రం ఇవ్వలేదు, దానిపై తిరిగే వీలు ఇచ్చింది. ఆ తేడా చిన్నదని నేననను.

తగాదా తీరిపోలేదు కూడా. అడవి పంట కాబట్టి కోత వస్తుంది, కోత ఉన్నన్నాళ్ళు బాట మూతపడుతుంది. లార్చ్ చెట్లకు ఫైటోఫ్తోరా తెగులు సోకి గాలోవేలో వాలులకు వాలులే నరికేయాల్సి వచ్చింది. 2021 నవంబరులో ఆర్వెన్ తుపాను దక్షిణ స్కాట్లండ్ అడవుల్లో చెట్లను వేళ్ళతో సహా పెకలించింది. గాలోవేను జాతీయ ఉద్యానం చేయాలన్న ప్రతిపాదన వస్తే, పర్యాటకం పెరుగుతుందని కొందరు ఆశపడ్డారు. తమ పొలాలపై పెత్తనం ఇంకొకరి చేతికి పోతుందని రైతుల్లో చాలామంది ఎదురుతిరిగారు. 2025లో స్కాట్లండ్ ప్రభుత్వం ఆ ప్రతిపాదనను విరమించుకుంది. నేల ఎవరి మాట వినాలన్న ప్రశ్నపై గాలోవేలో జనం ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.